వెంటిలేటరు వద్దని ముందే రాసిపెడితే చెల్లుతుందా?

ప్రశ్న (తణుకు నుంచి)

మా నాన్నగారికి 78 ఏళ్ళు. చాలా కాలంగా సీఓపీడీతో (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) బాధపడుతున్నారు. రెండేళ్ళుగా ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీదే ఉంటున్నారు. మొన్న ఆరు రోజులు వెంటిలేటరు మీద ఉండి బయటపడ్డారు గానీ, ఇంటికి వచ్చిన రోజు నుంచి “ఈసారి నా గొంతులో గొట్టం వేయనివ్వకండి, కావాలంటే కాగితం మీద రాసిస్తాను” అంటున్నారు. అమ్మ ఆయన మాటకు ఎదురు చెప్పడం లేదు. డాలస్‌లో ఉంటున్న మా అన్నయ్య మాత్రం, చికిత్స ఉండి కూడా చేయించకపోవడం చేజేతులా చంపుకోవడమే అంటున్నాడు. ఇలాంటి కాగితానికి చట్టంలో విలువ ఉందా? వైద్యులు దీన్ని ఏ దృష్టితో చూస్తారు?

జవాబు 1 (ఐసీయూ వైద్యుడు, విశాఖపట్నం)

విలువ ఉంది. గౌరవంగా మరణించడం కూడా రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 మార్చి 9న తీర్పు చెప్పి, ఇలా ముందే రాసిపెట్టే పత్రాన్ని గుర్తించింది. అప్పట్లో ఆ పత్రం మీద జుడీషియల్ మేజిస్ట్రేటు కూడా సంతకం చేయాలన్న నిబంధన ఉండడంతో ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో దాన్ని సడలించారు. ఇప్పుడు మీ నాన్నగారు తెలివితో ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ చేత గానీ గెజిటెడ్ అధికారి చేత గానీ ధ్రువీకరింపజేస్తే చాలు. తాను చెప్పలేని స్థితిలో తన తరఫున ఎవరు మాట్లాడాలో అందులో పేరు రాయాలి. మీ అన్నయ్య పేరు కూడా చేర్చమని నా సలహా, ఎందుకంటే ఆసుపత్రిలో గొడవ సాధారణంగా కాగితం దగ్గర రాదు, ఆఖరి నిమిషంలో విమానం దిగివచ్చిన బిడ్డ దగ్గర వస్తుంది.

అయితే ఆ పత్రం చూపగానే వైద్యం ఆపేయరు. కోలుకునే ఆశ లేదని చికిత్స చేస్తున్న వైద్యుడూ మరో ఇద్దరు నిపుణులూ కలిసిన బోర్డు తేల్చాలి. జిల్లా వైద్యాధికారి సూచించిన వైద్యుడు ఉండే రెండో బోర్డు దాన్ని సమర్థించాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి.

ఇక చంపడమనే మాట. 2004లో హైదరాబాదులో కండరాల క్షీణత వ్యాధితో మంచాన పడిన ఒక యువ చదరంగ క్రీడాకారుడి తల్లి, కొడుకు అవయవాలు దానానికి పనికివచ్చే స్థితిలో ఉండగానే అతని ప్రాణం పోయేందుకు అనుమతించమని హైకోర్టును వేడుకుంటే కోర్టు ఒప్పుకోలేదు. అక్కడ అడిగింది ప్రాణం తీయమని. మీ నాన్నగారు అడుగుతున్నది జబ్బును తన దారిన పోనిమ్మని, ఆ దారిలో ఆయాసం లేకుండా చూడమని. ఈ రెంటినీ ఒకటిగా చూడడం వైద్యపరంగానూ తప్పే, నీతిపరంగానూ తప్పే.

జవాబు 2 (ఖమ్మం నుంచి)

మా అత్తగారి విషయంలో మాకు ఈ సంగతులేవీ తెలియవు. తొమ్మిదో రోజున ఇక లాభం లేదని చెప్పి, “మా సొంత పూచీ మీద తీసుకువెళుతున్నాం” అని రాయించుకుని, అంబులెన్సులో పంపేశారు. దారిలోనే ఆమె ఊపిరి కోసం కొట్టుకున్నారు. ఒక మందు చీటీ గానీ, ఏం చేయాలో చెప్పే మనిషి గానీ లేరు.

జవాబు 3 (గుంటూరు నుంచి)

డాక్టరు గారికి ఒక సందేహం. ఆస్తి తగాదాలు, ఆసుపత్రి బిల్లు భయం ఉన్న ఇళ్ళలో ముసలివాళ్ళ చేత ఇలాంటి సంతకాలు బలవంతంగా చేయించరని ఏమిటి భరోసా? డబ్బున్నవాడికి ఇది హక్కు కావచ్చు, లేనివాడికి గెంటివేత అవుతుంది.

జవాబు 4 (ఐసీయూ వైద్యుడు, విశాఖపట్నం)

మీ భయం న్యాయమైనదే. రెండు బోర్డులు పెట్టింది అందుకే. కానీ ఖమ్మం వారు రాసింది మరోసారి చదవండి: గెంటివేత ఇప్పటికే జరుగుతోంది, ఆ “సొంత పూచీ” కాగితం రూపంలో. దానికి బోర్డు లేదు, సాక్షి లేడు. దాని మీద సంతకం తీసుకున్నంత మాత్రాన మా బాధ్యత తీరిపోయిందని నేను అనుకోను.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక శస్త్రచికిత్సలు పేదవారికి అందాయి, కాదనను. అయితే ఆ పద్ధతి చేసిన పనికి డబ్బిస్తుంది. రోగి పక్కన అరగంట కూర్చుని “మీకేం కావాలి?” అని అడగడానికి నేను చూసిన ఏ ప్యాకేజీలోనూ రేటు లేదు. మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి, తీవ్రమైన నొప్పికీ ఆయాసానికీ ఇచ్చే మార్ఫిన్ పొందడం సులువు చేశారు. అయినా మా పక్క పట్టణాల్లో అది దొరకదు, దొరికినా రాయడానికి వైద్యులే జంకుతారు. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) విభాగాలు పెట్టారు. అవి ప్రతి జిల్లాకూ, ప్రతి ఇంటికీ చేరనంతవరకు మీ సందేహం అలాగే ఉంటుంది.

తణుకు వారికి ఒక మాట: గొట్టం వద్దన్నంత మాత్రాన అన్నీ వద్దన్నట్టు కాదు. ముఖానికి మాస్కుతో గాలి అందించే బైపాప్‌కు ఆయన ఒప్పుకుంటారేమో అడిగి, ఆ సంగతి కూడా పత్రంలో రాయించండి.

ప్రశ్న అడిగినవారు

అడిగాను. “మాస్కయితే మూడు రోజులు చూద్దాం” అన్నారు. ఆదివారం అన్నయ్యను వీడియోలో కూర్చోబెట్టి, ఈ మాట ఆయన చేతే చెప్పిస్తాను.