లా డిగ్రీ లేకుండా అమెరికాలో ఇమిగ్రేషన్ కేసులు చూడొచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

గోదారమ్మాయి:

నమస్తే అందరికీ. మేం టెక్సస్‌లో ఉంటాం, నాకు గ్రీన్ కార్డ్ వచ్చేసింది కాబట్టి ఉద్యోగానికి అడ్డేం లేదు. ఇండియాలో బీకాం చదివి బ్యాంకులో చేశాను. ఇక్కడికొచ్చాక అందరిలాగే క్యూఏ (సాఫ్ట్‌వేర్ టెస్టింగ్) ట్రైనింగ్ తీసుకున్నా గానీ అది నా బుర్రకి ఎక్కలేదు. ఈమధ్య మా దగ్గర సిటిజన్‌షిప్ క్యాంపులు పెడుతుంటే వాలంటీర్‌గా వెళ్తున్నా. పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఎన్-400 (సిటిజన్‌షిప్ అప్లికేషన్ ఫారం) నింపడంలో సాయం చేయడం, వాళ్ల కాగితాలు సర్దిపెట్టడం, వాళ్లు తెలుగులో చెప్పింది ఇంగ్లీషులో చెప్పడం, ఇదీ పని. గంటలకొద్దీ చేసినా విసుగు రావట్లేదు.

లాయర్ అవ్వాలంటే లా స్కూల్ మూడేళ్లు, ఆపైన బార్ ఎగ్జామ్. ఆ ఫీజులకి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. క్యాంపులో ఒకావిడ తను లాయర్ కాదనీ, డీఓజే (జస్టిస్ డిపార్ట్‌మెంట్) అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్ అనీ చెప్పారు, క్లయింట్‌తో పాటు ఇంటర్వ్యూకి కూడా వెళ్తారట! వివరాలు అడిగేలోపే ఆవిణ్ణి ఇంకెవరో పిలిచారు.

కోర్సు చేసి పరీక్ష రాస్తే లైసెన్స్ ఇస్తారా? పార్షియల్, ఫుల్ అని రెండున్నాయట, తేడా ఏంటి? జీతం ఎలా ఉంటుంది, తెలుగు వచ్చినందుకు ఏమైనా ఉపయోగం ఉందా? ఇంకోటి, మా బావగారేమో "ఆ గొడవంతా ఎందుకు, ఫారానికి వంద డాలర్లు తీసుకుని ఇంట్లో కూర్చుని చెయ్యి" అంటున్నారు. అది కుదురుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పార్షియల్_రెప్:

నేను చేస్తున్నది ఈ పనే అండి, ఒక నాన్ ప్రాఫిట్‌లో. ముందు లైసెన్స్ అన్న ఆలోచన పక్కన పెట్టండి, సగం కన్‌ఫ్యూజన్ అక్కడే మొదలవుతుంది. పరీక్ష లేదు, ఫీజు లేదు, అసలు మీ అంతట మీరు అప్లై చేసే వీలే లేదు. మీ కోసం సంస్థ అప్లై చేయాలి.

ఎలాగంటే, జస్టిస్ డిపార్ట్‌మెంట్ కింద ఈఓఐఆర్ అని ఇమిగ్రేషన్ కోర్టుల్ని నడిపే విభాగం ఉంది. వాళ్లు ముందు సంస్థని గుర్తిస్తారు, దాన్ని రికగ్నిషన్ అంటారు. ఆ సంస్థ లాభాపేక్ష లేనిదై ఉండాలి, ఫెడరల్ ట్యాక్స్ మినహాయింపు ఉండాలి, ముఖ్యంగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి పనిచేస్తుండాలి. అలాంటి సంస్థ తన ఉద్యోగి కోసమో వాలంటీర్ కోసమో ఈఓఐఆర్-31ఏ ఫారం పెడితే, ఆ మనిషికి వచ్చేది అక్రెడిటేషన్. మూడేళ్లు ఉంటుంది, తర్వాత రెన్యువల్. మీరు ఆ సంస్థ వదిలేస్తే అక్రెడిటేషన్ మీ వెంట రాదు, కొత్త సంస్థ మళ్లీ మొదట్నుంచీ పెట్టాలి. ఇది చాలామందికి ఆఖర్న తెలుస్తుంది, డబ్బు కట్టి కోర్సు పూర్తిచేశాక "ఇప్పుడు నా సర్టిఫికెట్ ఎక్కడ చూపించాలి" అని అడుగుతారు. కాబట్టి ముందు సంస్థని వెతుక్కోండి, కోర్సు తర్వాత చూసుకోవచ్చు.

పార్షియల్ ఉన్నవాళ్లు హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ ముందు వరకే, అంటే ఎక్కువగా యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ అప్లికేషన్లు చూసే ఆఫీసు) పనులు: గ్రీన్ కార్డ్ రెన్యువల్, సిటిజన్‌షిప్, కుటుంబ పిటిషన్లు, వర్క్ పర్మిట్లు. జీ-28 (క్లయింట్ తరఫున మీరున్నారని చెప్పే ఫారం) మీ పేరుతో వేస్తారు, ఇంటర్వ్యూలో క్లయింట్ పక్కన కూర్చుంటారు. ఫుల్ ఉన్నవాళ్లు ఇవి కాక ఇమిగ్రేషన్ కోర్టులోనూ, పైన ఉండే అప్పీల్స్ బోర్డులోనూ వాదించవచ్చు. దానికి సాక్షుల్ని విచారించడం, బ్రీఫ్ (రాతపూర్వక వాదన) రాయడం లాంటివి వచ్చని కూడా చూపించాలి. బోర్డు దాటి ఫెడరల్ కోర్టుకి వెళ్తే మాత్రం లాయరే కావాలి. చాలామంది పార్షియల్‌తోనే మొదలుపెడతారు, మీరూ అంతే అనుకోండి.

అప్లికేషన్‌లో రెజ్యూమే, రికమెండేషన్ లెటర్లు, ఇమిగ్రేషన్ లా బేసిక్స్ మీద ఒక పద్ధతైన ట్రైనింగ్ చేసినట్టు రుజువు పెట్టాలి, నడవడిక కూడా చూస్తారు. ట్రైనింగ్‌కి క్లినిక్ అని కాథలిక్ సంస్థల నెట్‌వర్క్ ఉంది, వాళ్ల కోర్సు చాలామంది చేస్తారు, మతంతో సంబంధం లేదు. ఐఎల్ఆర్‌సీ (ఇమిగ్రెంట్ లీగల్ రిసోర్స్ సెంటర్) వాళ్లదీ ఉంది. కాస్త లోతుగా కావాలంటే విల్లనోవా యూనివర్సిటీ 2020లో మొదలుపెట్టిన విస్టా అనే ఆన్‌లైన్ ప్రోగ్రాం, మూడు మాడ్యూళ్లు, ఒక్కోటి 14 వారాలు. మొదటి రెండూ పార్షియల్‌కి, మూడోది ఫుల్ కోసం.

కోర్టుపక్షి:

నేను లా ఫర్మ్‌లో పారాలీగల్‌ని, అంటే లాయర్ల దగ్గర కేసు పనిలో సాయం చేసే మనిషిని. బావగారి ఐడియా గురించి నేను చెప్తా, ఎందుకంటే దాని ఫలితాలు మా ఆఫీసుకే వస్తాయి.

ఫెడరల్ రూల్స్‌లో ఒక చిన్న మినహాయింపు ఉంది. అచ్చయిన ఫారంలో ఖాళీలు మాత్రమే నింపిపెట్టడం, అదీ నామమాత్రపు డబ్బుకి, పైగా నాకు చట్టం తెలుసని చెప్పుకోకుండా ఉంటే అది ప్రాక్టీస్ కింద రాదు. బాగుంది కదా అనిపిస్తుంది. కానీ మనవాళ్లు వచ్చి అడిగేది ఖాళీలు నింపమని కాదు, "ఇప్పుడే వెయ్యాలా ఆగాలా", "ఈ ప్రశ్నకి ఏం రాయాలి" అని. దానికి నోరు తెరిచారంటే అది లీగల్ సలహా. ఏ ఫారం వేయాలో చెప్పడం కూడా సలహాయే. పైగా రాష్ట్రాల చట్టాలు వేరు. కాలిఫోర్నియాలో ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ అని బోర్డు పెట్టుకోవాలంటే లక్ష డాలర్ల బాండ్ కావాలి, అయినా సలహా ఇవ్వకూడదు, చెప్పింది రాసిపెట్టడం, అనువదించడం వరకే.

ఎందుకింత పట్టింపు అంటారా, ఎన్-400నే చూడండి. మామూలు ఫారంలా కనిపిస్తుంది. అమ్మానాన్నలకి గ్రీన్ కార్డ్ వచ్చింది, సగం ఏడాది ఇక్కడా సగం ఏడాది ఊళ్లో. ఒక ట్రిప్పు ఆరు నెలలు దాటితే నిరంతర నివాసం తెగినట్టే మొదట అనుకుంటారు, కాదని వీళ్లే నిరూపించుకోవాలి. ఏడాది దాటితే తెగిపోయినట్టే. అయిదేళ్లలో కనీసం 30 నెలలు మనిషి స్వయంగా ఇక్కడ ఉండాలి, అది వేరే లెక్క. ఇంకా పెద్దది, డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో తెలియక, సిటిజన్ కాకుండానే ఓటర్ రిజిస్ట్రేషన్ బాక్స్ టిక్ పెట్టినవాళ్లు. అలాంటి మనిషి చేత ఎన్-400 వేయించామంటే నిద్రపోతున్న పులిని లేపినట్టే, సిటిజన్‌షిప్ దేవుడెరుగు, తిరిగి పంపించే కేసు మొదలవ్వొచ్చు. వంద డాలర్లు తీసుకున్న మనిషి అప్పుడేం చేస్తారు? ఫారం చివర ప్రిపేరర్ అని సంతకం కూడా ఉంటుంది మరి.

నాకైతే ఒకటనిపిస్తుంది, ముందు లా ఫర్మ్‌లో అసిస్టెంట్‌గా చేరండి. జీతం కాస్త నయం, కేసు మొదట్నుంచి చివరిదాకా చూస్తారు.

పార్షియల్_రెప్:

మొదటిదంతా కరెక్ట్. చివరిదాంతో నాకు పేచీ ఉంది. మనవాళ్లుండే ఫర్ముల్లో ఎక్కువ హెచ్-1బీ పనే, ఏళ్ల తరబడి ఎంప్లాయర్ లెటర్లు సర్దుతూ కూర్చుంటే కుటుంబ కేసులు, సిటిజన్‌షిప్ ఎప్పటికి వస్తాయి? ఆవిడకి నచ్చిన పని నాన్ ప్రాఫిట్‌లోనే ఉంది.

హెచ్4_ఎదురుచూపులు:

మధ్యలో దూరుతున్నా, సారీ. గ్రీన్ కార్డ్ లేకపోతే? నాకు హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల భార్యాభర్తలకిచ్చే వర్క్ పర్మిట్) ఉంది.

పార్షియల్_రెప్:

సిటిజన్ అయి ఉండాలని రూల్ లేదు, కానీ నడవడిక చూసేటప్పుడు మీ స్టేటస్ కూడా పరిశీలిస్తారు. ఈఏడీ చేతిలో ఉన్నంతకాలం ఉద్యోగం చేయొచ్చు. చిక్కల్లా రెన్యువల్‌తోనే, 2025 అక్టోబర్ 30 నుంచి వేసిన రెన్యువల్స్‌కి పాత ఆటోమేటిక్ ఎక్స్‌టెన్షన్ ఎత్తేశారు కదా, కార్డు ఆలస్యమైతే పని ఆపేయాల్సిందే. సంస్థకి ముందే చెప్పి చేరండి.

టొరంటో_తెలుగోడు:

మా కెనడాలో కథ పూర్తిగా రివర్స్. ఇక్కడ ఆర్‌సీఐసీ అని ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ లైసెన్స్ మనిషికే ఇస్తారు, సొంత ఆఫీసు పెట్టుకోవచ్చు, ఫీజు తీసుకోవచ్చు. క్వీన్స్ యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ డిప్లొమా చేసి, కాలేజ్ వాళ్ల ఎగ్జామ్ పాసవ్వాలి (ఇక్కడ కాలేజ్ అంటే కన్సల్టెంట్ల మీద అజమాయిషీ చేసే సంస్థ), పౌరసత్వమో పర్మనెంట్ రెసిడెన్సీయో ఉండాలి. ఈ కెనడా లైసెన్స్ చూపించి అమెరికా కేసులు చేస్తామనేవాళ్లు తగిలితే నమ్మకండి, అక్కడ అది చెల్లదు.

గోదారమ్మాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. బావగారికి కోర్టుపక్షి గారి మెసేజ్ చూపించా, ఆయన టాపిక్ మార్చేశారు 😀 పార్షియల్_రెప్ గారూ, జీతం, తెలుగు సంగతి దాటేశారు. కావాలనే దాటేశారా?

పార్షియల్_రెప్:

కొంచెం కావాలనే అండి. ఐటీ జీతాలతో పోల్చుకుంటే నీరసం వస్తుంది. గ్రాంట్ల మీద నడిచే సంస్థలు, 2025లో ఫెడరల్ సిటిజన్‌షిప్ గ్రాంట్లు రద్దయ్యాక చాలాచోట్ల ఇంకా బిగించుకున్నారు. ఇంట్లో ఇంకో జీతం ఉంటే పర్లేదు, లేకపోతే ఆలోచించుకోండి, ఇందులో తీపి మాటలు చెప్పను.

తెలుగు మాత్రం బాగా పనికొస్తుంది, అయితే మీరనుకునే చోట కాకపోవచ్చు. హెచ్-1బీ వాళ్లకి కంపెనీ లాయర్లున్నారు. మన దగ్గరకొచ్చేది వాళ్ల తల్లిదండ్రులు. 55 ఏళ్లు దాటి, గ్రీన్ కార్డ్ మీద 15 ఏళ్లు ఉన్నవాళ్లకీ, 50 దాటి 20 ఏళ్లు ఉన్నవాళ్లకీ ఇంగ్లీషు పరీక్ష లేదు, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నలు) తెలుగులో చెప్పొచ్చు. ఇది తెలియక ఎంతమంది భయపడి మానేస్తారో. మతిమరుపు జబ్బో ఇంకేదైనా ఉంటే డాక్టర్ చేత ఎన్-648 (జబ్బు వల్ల పరీక్ష మినహాయింపు అడిగే ఫారం) నింపించాలి, అది సరిగ్గా రాయించడం ఒక విద్య. ఇంకోవైపు హెచ్-4 మీద వచ్చి ఇంట్లో హింస పడుతున్న ఆడపిల్లలు. వాళ్లకి విడిగా వర్క్ పర్మిట్ అడిగే దారి ఉందని చెప్పేవాళ్లే ఉండరు. ఇలాంటి విషయం ఇంగ్లీషులో, అదీ ఇంటర్‌ప్రెటర్ ముందు, నోరు విప్పి చెప్పుకోలేరు. పైగా మన ఊరివాళ్లకి తెలిసిపోతుందేమోనని భయం, కాబట్టి మీరు విన్నది మీ ఇంట్లో కూడా చెప్పకూడదు. బావగారికి అస్సలు చెప్పకూడదు.

రేపు చేయాల్సింది ఒకటే. జస్టిస్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో రికగ్నైజ్డ్ సంస్థల లిస్టు రాష్ట్రాలవారీగా ఉంటుంది. టెక్సస్ తెరిచి మీకు డ్రైవ్ చేయగలిగే దూరంలో ఉన్నవి రాసుకోండి, క్యాంపు పెట్టిన సంస్థ అందులో ఉందేమో చూడండి. ఉంటే క్యాంపులో మీరు కలిసిన ఆవిడ పేరు కూడా అక్కడే దొరుకుతుంది. వాళ్ల దగ్గర వారానికి ఒక రోజు ఇంటేక్ (కొత్తగా వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే) పనికి వస్తానని చెప్పండి, ట్రైనింగ్ ఖర్చు వాళ్లే పెట్టుకుంటారేమో కూడా అడగండి, కొన్ని సంస్థలు పెట్టుకుంటాయి.

గోదారమ్మాయి:

చూశానండి, ఉంది! వాళ్ల కాన్ఫరెన్స్ రూమ్‌లోనే క్యాంపు జరిగింది. సోమవారం ఫోన్ చేస్తా.

కోర్టుపక్షి:

ఫోన్ కాదు, రెజ్యూమే పట్టుకుని నేరుగా వెళ్లండి. ఆ ఆఫీసుల్లో ఫోన్ ఎత్తే తీరిక ఎవరికీ ఉండదు.