నలుగురికి నాలుగు పిచ్చిలు, కలిపి ఒక ఫ్యాన్ జైన్ అవుతుందా?

రాత్రిపూట_ఇడ్లీ:
అందరికీ హాయ్. మేం నలుగురం బెజవాడలో ఇంజనీరింగ్ కలిసి చదివాం, ఇప్పుడు నేనూ ఇంకొకడూ హైదరాబాద్, ఒకడు బెంగళూరు, ఒకమ్మాయి డల్లాస్. నలుగురికీ తలా ఒక పిచ్చి ఉంది, కానీ ఒకరిది ఇంకొకరికి పట్టదు. డల్లాస్ అమ్మాయి యానిమే (జపాన్ కార్టూన్లు) మనిషి, ట్యాబ్‌లో ప్రోక్రియేట్ అనే బొమ్మలు గీసే యాప్ తెరిచిందంటే మనం టీ తాగి వచ్చేలోపు మొహం దించేస్తుంది. బెంగళూరోడు టేబుల్‌టాప్ గేమ్స్, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఆడేవి, ఇరవై ముఖాల డైస్ జేబులో వేసుకుని ఆఫీసుకెళ్లే రకం. ఇక్కడున్న ఇంకొకడు క్రోషే, అవును మగాడే, ఉన్నితో అరచేతిలో పట్టేంత రాక్షసుల్ని అల్లుతాడు. నేను కథలు రాస్తా, గీత గీయమంటే మాత్రం స్కేలు పెట్టినా వంకరే.

హైటెక్స్‌లో కామిక్ కాన్‌కి, అదే కామిక్స్ అభిమానుల జాతరకి, నలుగురం కలుద్దాం అనుకుంటున్నాం, వచ్చేటప్పుడు చేతిలో మనదంటూ ఒక చిన్న జైన్, అంటే మనమే రాసి గీసి ప్రింటేసుకునే బుల్లి పత్రిక, ఉంటే బాగుంటుంది కదా అని ఎవరో అన్నారు, అంతే, అప్పట్నుంచి వాట్సాప్ గ్రూప్‌లో ఐడియాలు తప్ప ఏం లేవు. అమ్మడానికి కాదు, తెలిసినవాళ్లకి పంచడానికి. ఇబ్బంది ఏంటంటే ఏ ఫ్యాండమ్ (అభిమానులున్న కథో సిరీసో గేమో) తీసుకున్నా ఒకరిద్దరికే తెలుసు, మిగతావాళ్లు సరేలే అంటారు, ఆ సరేలేతోనే పని ఆగిపోతుంది. పైగా ఒకమ్మాయి అంత బాగా గీస్తుంటే మిగతా ముగ్గురం పెన్సిల్ పట్టుకోవడానికి సిగ్గుపడుతున్నాం. ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

పాతపుస్తకాల_పురుగు:
ఇడ్లీ తమ్ముడూ, నీ సమస్యకి మందు మన ఇళ్లలోనే ఉంది, విక్రమార్కుడు భేతాళుడు. నవ్వకు, పూర్తిగా చదువు. నలుగురికీ తెలిసిన కథ, ఎవరికీ పరిచయం చేసే పని లేదు, అన్నిటికంటే ముఖ్యం దాని కట్టుబడి. బయట ఒక కథ, రాజు శవాన్ని భుజానేసుకుని శ్మశానంలో నడుస్తుంటాడు, లోపల ప్రతిసారీ కొత్త కథ. బయటి కథ ఒకే స్టైల్‌లో ఒక్కరే గీస్తే చాలు, లోపలి కథ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు, యానిమేలో చెప్పు, గేమ్ మ్యాప్‌లా చెప్పు, క్రోషే బొమ్మల్ని నిలబెట్టి ఫొటోలు తీసి చెప్పు. స్టైల్ మారిందేంటి అని ఎవరూ అడగరు, ఎందుకంటే కథ మారింది కదా.

ఇంకోటి, ఇది ఫ్యాన్ ఫిక్షన్, అంటే ఉన్న కథని పట్టుకుని అభిమానులు అల్లే కొత్త కథ, కాదేమో అని అనుమానం వస్తే, చందమామ గుర్తు తెచ్చుకో. సంస్కృతంలో ఉన్నవి పాతికే కథలు, పదకొండో శతాబ్దంలో సోమదేవుడు కథాసరిత్సాగరంలో కూడా చెప్పాడు. చందమామ 1947లో మొదలైంది, ఆ పాతికతో ఎన్ని నెలలు వస్తాయి? అందుకే అదే చట్రంలో కొత్త కథలు అల్లుకుంటూ దశాబ్దాలు నడిపారు. మనం చిన్నప్పుడు నెలనెలా చదివింది ఒక రకంగా ఫ్యాన్ ఫిక్షనే అని నా వాదన, పెద్దవాళ్లెవరైనా కొట్టడానికి వస్తే నేను లేను.

పని పంచుకోవడం గురించి. కథ నువ్వు రాయి కానీ మొత్తం రాసి వాళ్ల చేతిలో పెట్టకు, మూడు కథలకి మూడు ప్రశ్నలు మాత్రం ఇవ్వు. భేతాళ కథకి ప్రాణం చివర అడిగే ప్రశ్నే, తప్పు ఎవరిది, ఎవరు గొప్ప, అని. ఆ ప్రశ్నకి దారితీసే కథ ఎవరికి వాళ్లే అల్లుకోవాలి, నువ్వు మాటలు సరిచేసి పెట్టు. బాగా గీసే అమ్మాయికి బయటి కథ మాత్రం ఇవ్వండి, అంటే కవరు, రాజు నడక, శవం మళ్లీ చెట్టెక్కడం. అప్పుడు మిగతావాళ్ల పేజీల్లో ఆవిడ చెయ్యి పడదు, పోల్చుకుని సిగ్గుపడే బాధ తప్పుతుంది. అసలు కథల్లో చివరిదానికి రాజు దగ్గర జవాబు ఉండదు, మౌనంగా ఉండిపోతాడు, మీరూ ఆఖరి పేజీ ఖాళీగా వదిలేసి చదివినవాళ్లనే రాయమనండి, కామిక్ కాన్‌లో పక్కనున్నోడితో మాట కలపడానికి అంతకంటే మంచి వంక దొరకదు.

సైజు మాత్రం చిన్నది పెట్టుకోండి. ఒక్క ఏ4 కాగితాన్ని ఎనిమిది గళ్లు వచ్చేలా మడిచి, మధ్యలో చిన్న గాటు పెట్టి మడిస్తే ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం వస్తుంది, పిన్ను కూడా అక్కర్లేదు. ఒక్కో పేజీ ఏ7, అంటే 74 బై 105 మిల్లీమీటర్లు. మొదట అది పూర్తి చేసి చేతిలో పట్టుకోండి, తర్వాత పెద్దది ఆలోచించుకోవచ్చు. నలభై పేజీలని మొదలెట్టిన జైన్లు చాలా చూశాను, డ్రైవ్ ఫోల్డర్లలో పడి ఉంటాయి పాపం.

డైస్_రామక్క:
పురుగు అన్నా సూపర్. ఆ బెంగళూరు అబ్బాయికి చెప్పండి, ఇది గేమ్‌గా కూడా ఆడేయొచ్చు. ఒకరు భేతాళుడు, మిగతావాళ్లు రాజు. కథ చెప్తున్నంతసేపూ భేతాళుడు మధ్యమధ్యలో రెచ్చగొడతాడు, ఎవరు నోరు తెరిస్తే వాళ్ల భుజం మీదనుంచి శవం ఎగిరిపోయినట్టే, మళ్లీ మొదటి గడి నుంచి నడవాలి. చివర ప్రశ్నకి జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం పోతుంది, ఎలా చూసినా బుక్కే. డైస్ వేసేది జవాబు తెలుసా లేదా అన్నదానికి, పదికి పైన పడితే తెలిసినట్టు, అంటే ఎక్కువ పడితే నష్టం. నేను వాయిస్ కాల్‌లో ఆడించా, మా అక్క నవ్వు ఆపుకోలేక మ్యూట్ పెట్టుకుంది, దాన్ని మాట్లాడినట్టా కాదా అని పెద్ద గొడవ. అలా ఆడినప్పుడు పుట్టే కథలు రికార్డ్ చేసుకుంటే జైన్‌కి సగం మెటీరియల్ వచ్చేసినట్టే, కూర్చుని రాయక్కర్లేదు.

రాత్రిపూట_ఇడ్లీ:
అన్నా, రామక్కా, గ్రూప్‌లో పెట్టగానే ముగ్గురూ ఒకేసారి టైపింగ్ అని వచ్చింది, ఇన్ని రోజుల్లో ఇదే మొదటిసారి 😂 క్రోషే వాడు నల్ల ఉన్ని ఎక్కడ దొరుకుతుందో అప్పుడే వెతుకుతున్నాడు. ఒక డౌటు, డల్లాస్ అమ్మాయి చందమామ బొమ్మల స్టైల్‌లోనే గీస్తా అంటోంది, ఆ రాజు కత్తి పట్టుకుని శవం భుజాన వేసుకున్న పోజు ఉంది కదా, అచ్చం అదే. పరవాలేదా?

నల్లకోటు:
కథ వేరు, బొమ్మ వేరు, ఇది కలపొద్దు. విక్రమార్కుడి కథ ఎవరి సొత్తూ కాదు, వెయ్యేళ్లనాటిది. ఆ బొమ్మలు మాత్రం చందమామ చిత్రకారుడు శంకర్ గారు గీసినవి, ఆయన 2020లో పోయారు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ మీద హక్కు గీసినాయన పోయాక కూడా అరవై ఏళ్లు ఉంటుంది, ఆ హక్కు పత్రికదా గీసినాయనదా అన్న లెక్క వేరే, ఏదైనా మీది మాత్రం కాదు. కాబట్టి ఆ పోజు, ఆ గీత, ఆ కూర్పు ఉన్నదున్నట్టు దించి ప్రింటేస్తే కాపీ కిందకే వస్తుంది. అదే రాజు, శవం, చెట్టు, శ్మశానం, ఈ భావం తీసుకుని సొంతంగా గీసుకుంటే అడిగేవాడు లేడు. రాజుని ఎదురుగా కాకుండా వెనకనుంచి చూపించమనండి, లేదా శవం కళ్లలోంచి చూపించమనండి, అక్కడే ఆవిడ టాలెంట్ బయటపడేది.

ఇంకొక సంగతి, ఫ్రీగా పంచితే ఏం కాదు అని అందరూ అంటుంటారు. మన చట్టంలో ఫ్యాన్ ఆర్ట్ అని విడిగా మినహాయింపు ఏమీ లేదు. సొంత వాడకం, విమర్శ, సమీక్ష, ఇలాంటివాటికి ఫెయిర్ డీలింగ్, అంటే అనుమతి అడక్కుండా వాడుకునే వెసులుబాటు, ఉంది అంతే. డబ్బులు తీసుకోకపోతే గొడవ పడేవాళ్లు తక్కువ, అది మర్యాద, హక్కు కాదు. యానిమే పాత్రల్ని లోపలి కథలో పెట్టాలనుకుంటే వాటిని అలాగే దించకుండా ఆ స్టైల్‌లో మీ సొంత పాత్రలు గీయండి, తలనొప్పి ఉండదు.

ప్రెస్సోడు:
నేను డిజిటల్ ప్రింట్ షాపులో పని చేస్తా, రోజూ స్టూడెంట్స్ వస్తుంటారు కాబట్టి చెప్తున్నా. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చ, ముదురు నీలం, ఆ నియాన్ పింకు, ఇవి కాగితం మీద రావు బాబూ, మాసిపోయినట్టు వస్తాయి. స్క్రీన్ రంగు వెలుగుతో, ప్రింట్ రంగు ఇంకుతో, రెండూ ఒకటి కాదు. అందుకే ఫైల్ తెరిచేటప్పుడే సీఎంవైకే, అంటే ప్రింట్ ఇంకుల రంగుల పద్ధతి, పెట్టుకోండి, ప్రోక్రియేట్‌లో ఆ ఆప్షన్ ఉంది, డబ్బు పెట్టలేనివాళ్లకి క్రిటా అనే యాప్ ఫ్రీ, అందులోనూ ఉంది. 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) తగ్గొద్దు. ఏ5 సైజు పేజీ అయితే 1748 బై 2480 పిక్సెల్స్. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ గీయండి, కటింగ్‌లో కత్తి అటూ ఇటూ అవుతుంది, లేకపోతే అంచున తెల్ల గీత కనపడుతుంది, అప్పుడు మమ్మల్ని తిట్టుకుంటారు.

పెద్దది వేస్తే సెంటర్ పిన్ కొట్టాలి కాబట్టి పేజీలు నాలుగు లెక్కన ఉండాలి, 8, 12, 16 అలా. 14 తెస్తే రెండు ఖాళీ పేజీలు ఎక్కడ పెట్టమంటారు అని నేను అడగాల్సి వస్తుంది. లోపల 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) ఆర్ట్ పేపర్, కవరుకి 250. శ్మశానం కథ కాబట్టి నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఎక్కువ పెడతారని నా అనుమానం, మడత దగ్గర నలుపు పగిలి తెల్లగా కనపడుతుంది, క్రీజింగ్, అంటే మడత పడే గీతని ముందే నొక్కించడం, చేయించమని అడగండి, లేదా మడత మీదకి నలుపు రాకుండా చూసుకోండి. ఇంకోటి, ముందు ఒక్క కాపీ తీయించి చూసుకోండి. తర్వాతే మిగతావి.

ఉన్ని_ఉంగరం:
క్రోషే తమ్ముడికి ఒక అక్క సలహా. నల్ల ఉన్నితో అల్లితే ఫొటోలో కుట్టు కనపడదు, అంతా నల్ల ముద్దే. భేతాళుణ్ణి బూడిద రంగులోనో ముదురు పచ్చలోనో అల్లు, జుట్టు మాత్రం తెల్లది వదిలెయ్. పక్కనుంచి వెలుతురు పడేలా కిటికీ దగ్గర పొద్దున పూట ఫొటో తియ్యి, ఫ్లాష్ వద్దు. మెడ లోపల సన్నటి తీగ పెడితే శవం రాజు భుజం మీద వేలాడినట్టు వంగుతుంది, లేకపోతే పిల్లోడు సరదాగా ఎత్తుకున్నట్టు ఉంటుంది.

కామిక్ కాన్‌కి వేషం కూడా వేసే ఆలోచన ఉంటే ఈవీఏ ఫోమ్ షీట్లకి పరిగెత్తకముందు మన తెలంగాణ చేర్యాల మాస్కులు చూడండి. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి, చిన్న మాస్కులైతే కొబ్బరి చిప్ప మీద ఒత్తి చేస్తారు, ఆరాక రంగులు. మేం ఇంట్లో ఫ్రెండ్స్‌తో కూర్చుని ఆ పద్ధతిలో ట్రై చేశాం, జిగురు తయారీకే ఓపిక కావాలి, గింజలు నానబెట్టాలి, రుబ్బాలి, ఉడకబెట్టాలి, వంటిల్లు వాసనొస్తుంది, కానీ ఆ పని చేస్తూ చెప్పుకునే కబుర్లు ఉన్నాయి చూడండి. ఆరడానికి ఎండ కావాలి, వానాకాలంలో పెట్టుకోకండి, బూజు పడుతుంది. ఫోమ్‌తోనే చేస్తాం అంటే ఫెవికాల్ ఎస్ఆర్ గమ్ము బాగా పడుతుంది, రెండు వైపులా రాసి కాసేపు ఆరనిచ్చి అతికించాలి, కిటికీలు మాత్రం తీసి ఉంచండి, ఆ వాసనకి తల తిరుగుతుంది.

బద్ధకం_బాబాయ్:
అందరూ బాగా చెప్పారు కానీ నేను కొంచెం అడ్డం మాట్లాడతా. సీఎంవైకే, జీఎస్ఎం, డెడ్‌లైన్, ఎక్సెల్ షీట్‌లో ఎవరి పేజీ ఎంతవరకు వచ్చింది, ఇదంతా ఆఫీసులో చేసేదేగా? కామిక్ కాన్ లోపు అవ్వకపోతే ఏమవుద్ది, ఏం కాదు. మా బ్యాచ్‌లో పనికొచ్చింది ఒక్కటే, వారానికోసారి వీడియో కాల్ పెట్టుకుని ఎవరి పని వాళ్లు చేసుకోవడం. ఒకడు గీస్తాడు, ఒకడు మినియేచర్‌కి, అదే గేముల్లో వాడే బుల్లి బొమ్మకి, పెయింట్ వేస్తాడు, ఇంకొకడు ఊరికే తింటాడు. మాట్లాడాలని రూలేం లేదు.

గీయడం రానోళ్లకి ఒక ఆట చెప్తా. చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది గుర్తుందా, రెండు ఫోటోలిచ్చి రెండిటికీ జత కలిసేలా చిన్న వ్యాఖ్యలు రాయమనేవాళ్లు. మేం దాన్ని పట్టుకున్నాం. గీసేవాడు సంబంధం లేని రెండు బొమ్మలు పడేస్తాడు, మిగతావాళ్లు జంట వ్యాఖ్య రాయాలి, గెలిచినోడు వచ్చేవారం బొమ్మలు గీయాలి, గీత వచ్చినా రాకపోయినా. గీయడం రానోడి బొమ్మలకే మంచి వ్యాఖ్యలు పడతాయి, అదేంటో.

పాతపుస్తకాల_పురుగు:
బాబాయ్, మీ ఆట దొంగిలిస్తున్నా. కానీ తేదీ ఏదో ఒకటి ఉండాలనే నేనంటా, లేకపోతే డల్లాస్ టైముకీ మన టైముకీ కుదరక గ్రూప్ మళ్లీ గుడ్ మార్నింగ్ మెసేజ్‌లకి పోతుంది. మనకి ఆదివారం ఉదయం తొమ్మిదంటే అక్కడ శనివారం రాత్రి, అది ఇద్దరికీ వాటంగా ఉంటుంది.

రాత్రిపూట_ఇడ్లీ:
ఫిక్స్ అయిపోయాం. ఒక్క ఏ4, ఎనిమిది పేజీలు, కవరూ రాజు నడకా ఆఖరి ఖాళీ పేజీ పోను మూడు కథలు, ఆదివారం తొమ్మిదికి కాల్. ప్రశ్నలు మూడూ రాసేశా. బెంగళూరోడి కథలో ముగ్గురు దొంగలు ఒకే డైస్ మీద పందెం కాసి, డైస్ నిలువుగా గోడకి ఆనుకుని ఆగిపోతుంది, అప్పుడు డబ్బు ఎవరిది అన్నది ప్రశ్న. దానికి జవాబు నాకే తెలీదు, మీకెవరికైనా తెలిస్తే చెప్పండి, తెలిసి చెప్పకపోతే సంగతి తెలుసుగా. ప్రెస్సోడు అన్నా, ఏ4 మడత జైన్‌కి 130 జీఎస్ఎం మందం అవుతుందా, మామూలు జిరాక్స్ కాగితం చాలా?

ప్రెస్సోడు:
మడత జైన్‌కి 130 వద్దు, ఎనిమిది మడతల్లో ఉబ్బుతుంది. 100 జీఎస్ఎం బాండ్ పేపర్ అడగండి, రంగు బాగానే పడుతుంది, మడతా చక్కగా కూర్చుంటుంది. డబ్బు డైస్ తెచ్చినోడిది.

డైస్_రామక్క:
కాదు, గోడ ఉన్న ఇంటాయనది.