చేత్తో చేసినవి చుట్టాలకి ఇస్తున్నాం సరే, ఇప్పుడు 60 జతల జుంకాలు అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

ఊలుఉండ (హైదరాబాద్):
అందరికీ నమస్తే. స్వెటర్లు అల్లడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నా, క్విల్లింగ్, అంటే సన్నటి కాగితం పట్టీలు చుట్టి పువ్వులూ నగలూ చేయడం, మా పాప స్కూల్ ప్రాజెక్టుల పుణ్యమా అని అంటుకుంది. ఎవరింట్లో బారసాలైనా టోపీ, కాళ్లకి సాక్సులు, పుట్టినరోజైతే కాగితం పూలతో కార్డు, ఇలా ఏదో ఒకటి చేసి ఇవ్వడం అలవాటైపోయింది. ఇవ్వడం నాకు ఇష్టమే, అందులో ఏ గొడవా లేదు.

గొడవ ఇప్పుడు మొదలైంది. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్. వచ్చినవాళ్లందరికీ రిటర్న్ గిఫ్టుగా క్విల్లింగ్ జుంకాలు 60 జతలు కావాలట. "నువ్వు టీవీ చూస్తూ చుట్టేస్తావు కదా వదినా, నీకదొక లెక్కా" అంది. కాగితమే కదా ఖర్చేముంది అని ఆమె లెక్క. కాదంటే మనసు కష్టపెట్టుకుంటుంది, ఔనంటే నా పని అయిపోయినట్టే.

రెండోది, మా తోటికోడలి కూతురు డాలస్‌లో ఉంటుంది, మేలో డెలివరీ. దానికి ఒక సెట్ అల్లి పంపాలని ఉంది. ఏ సైజు అల్లాలి, ఏ దారం అయితే నయం, అక్కడ అసలు వాడతారా? ఇంతకుముందు ఒకరికిచ్చిన స్వెటర్ కవర్ కూడా విప్పకుండా బీరువాలో అలాగే ఉండడం కళ్లారా చూశాను, అందుకే అడుగుతున్నా.

కాగితంపూలు (విజయవాడ):
60 జతలు అంటే 120 జుంకాలండీ! టీవీ చూస్తూ అయ్యే పనా అది? చేసినవాళ్లకే తెలుస్తుంది. 5 ఎంఎం పట్టీలు ఒకదానికొకటి అతికించి బిగుతుగా బిళ్లలా చుట్టాలి, దాన్ని మెల్లగా నొక్కుతూ గిన్నెలా లేపాలి, ఎక్కువ నొక్కామా మధ్యలోంచి స్ప్రింగులా బయటికొచ్చేస్తుంది, లోపల ఫెవికాల్ పూసి రాత్రంతా ఆరనివ్వాలి, పొద్దున వార్నిష్, అది ఆరాక ఇంకో పూత, ఆ తర్వాత పూసలు, కొక్కేలు. పైగా వానాకాలమైతే ఆరనే ఆరదు, తేమకి కాగితం మెత్తబడి గిన్నె ఆకారం కుంగిపోతుంది. రెండు జుంకాలూ ఒకే సైజులో రావాలంటే పట్టీ పొడవు కొలిచి కత్తిరించుకోవాలి, అది వేరే సంగతి.

"కుదరదు" అని ఊరుకోకండి, బదులుగా ఇంకోటి చేసిస్తానని చెప్పండి. మా ఇంట్లో అలాంటి మాట వచ్చినప్పుడు నేను పసుపు కుంకుమ పొట్లాలకి చిన్న కవర్లు చేశాను. పాత శుభలేఖలు ఉంటాయి కదా, లోపల ఎర్రటి, బంగారు రంగు మందపు కాగితం ఉన్నవి, పారేయబుద్ధి కాక అటక మీద పెట్టుకుంటామే, అవే. పేర్లు లేని వైపు పైకి వచ్చేలా మడిచి, అంచు జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించి, మూత మీద ఒక్కటంటే ఒక్క చుట్టుపువ్వు అతికిస్తే చాలు. 3 ఎంఎం పట్టీలతో అయిదు రేకుల పువ్వు చేతికి అలవాటైతే చకచకా వచ్చేస్తుంది, ఎండే పని కూడా పెద్దగా ఉండదు. ఫంక్షన్ చేసుకునే పిల్లకి మాత్రం ఒక జత మంచి జుంకాలు ఓణీ రంగులో చేసి పెట్టండి. దాంతో మీ ఆడపడుచు మాటా దక్కుతుంది, మీ వేళ్లూ దక్కుతాయి.

గోదారొడ్డు (పాలకొల్లు):
నేను కొంచెం కటువుగా చెప్తా, ఏమీ అనుకోకండి అక్కా. మాది లేసు ఊరు. నరసాపురం చుట్టుపక్కల మిషనరీల కాలం నుంచీ, అంటే 19వ శతాబ్దం నుంచీ ఆడవాళ్లు క్రోషియా లేసు, అంటే ఒక్క కొక్కెం సూదితో దారం అల్లే లేసు, అల్లుతున్నారు. మా అమ్మ మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని పువ్వులు అల్లేది, ఆ పువ్వుల్ని తీసుకెళ్లి ఇంకొకావిడ అతుకు పని చేసేది, ఏజెంటు వచ్చి లెక్కపెట్టి పట్టుకుపోయేవాడు. ఆ టేబుల్ క్లాత్ ఏ దేశంలో ఎంతకి అమ్ముడయ్యేదో అమ్మకి తెలిసేది కాదు, అమ్మ చేతికి వచ్చేది మాత్రం చిల్లరే. అడిగితే "ఖాళీగా కూర్చునే టైములో చేసేదేగా" అనేవాళ్లు. మీ ఆడపడుచు అన్న మాటా అదే కదా! 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే ముద్ర, వచ్చింది, మంచిదే, కానీ "ఖాళీ టైమే కదా" అనే ఆ మాట మాత్రం ఇంకా పోలేదు.

అందుకే నేనొక పద్ధతి పెట్టుకున్నా. నా అంతట నేను ఇవ్వాలనుకున్నది గిఫ్టు, దానికి పైసా తీసుకోను. వాళ్లు నంబరు చెప్పి, తేదీ చెప్పి, రంగు చెప్పి అడిగారంటే అది ఆర్డరు. చుట్టమైనా సరే, సామాను డబ్బులు ముందే, చేతి కూలి ఎంతో అప్పుడే చెప్పేస్తా. మొహం మాడ్చుకునేవాళ్లు మాడ్చుకుంటారు. ఇంకో మాట, మామూలు స్వెటర్‌లా ఉండేవి మిషన్ కూడా అల్లేస్తుంది, షాపులో చవగ్గా దొరుకుతాయి. అసలు క్రోషియా మాత్రం మిషన్ మీద రాదు, ఇప్పటికీ చేత్తో అల్లాల్సిందే. ఆ తేడా తెలిసినవాళ్లకే క్రోషియాలు ఇవ్వండి.

మఫ్లర్_బాబాయ్ (రాజమండ్రి):
పై అమ్మాయి మాటల్లో న్యాయం ఉంది గానీ, ఆడపడుచు దగ్గర చేతి కూలి అడగడం మన ఇళ్లల్లో జరిగే పనేనా తల్లీ? ఫంక్షన్ ఒక పూటలో అయిపోతుంది, ఆ మాట ఇరవై ఏళ్లు ఉంటుంది. నా సలహా వేరు. "చేస్తాను, కానీ నువ్వూ నీ పిల్లలూ ఆదివారం వచ్చి కూర్చోండి, కలిసి చేద్దాం" అనండి. వస్తే పని తేలిక. రాకపోతే వాళ్లే తగ్గుతారు, మీరు కాదన్న మాట ఉండదు.

నేను రిటైరయ్యాక చదివింపుల కవర్లు చేయడం మొదలుపెట్టాను. పెళ్లికెళ్లినా, గృహప్రవేశానికెళ్లినా 516, 1116 పెట్టి ఇచ్చే కవరే, రూపాయి బిళ్ల అతికించినవి బజార్లో దొరుకుతాయి, వాటిని చింపి అవతల పారేస్తారు. నేను చేసినవి కొందరు దాచుకున్నారు, ఒకాయన అందులోనే ఇంకొకరికి చదివించాడు కూడా, అది తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది! మగవాడివి నీకెందుకయ్యా ఈ కత్తెరలు అని మా ఆవిడ అంటుంది, అననీయండి.

శాంతపిన్ని (డాలస్):
డాలస్ అనగానే వచ్చేశా. పుట్టిన బిడ్డ సైజు అల్లకండి, అది అందరూ చేసే పనే. బిడ్డ పుట్టేది మేలో, ఆ తర్వాత ఇక్కడ మన రెంటచింతలని గుర్తుచేసే ఎండలు. టోపీ పెట్టే చలి వచ్చేది డిసెంబరుకి, అప్పటికి బిడ్డకి ఏడో నెల. పుట్టినప్పుడు తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు ఉంటే ఏడెనిమిది నెలలకి 44 దాకా వస్తుంది. టోపీ దానికంటే మూడు నాలుగు సెంటీమీటర్లు తక్కువ అల్లండి, సాగి పట్టుకుంటుంది. అంచుకి రెండు నిట్ రెండు పర్ల్ కుట్లతో సాగే రిబ్ అల్లిక వేస్తే కాస్త అటూ ఇటూ అయినా సరిపోతుంది. 4 ప్లై (సన్న రకం) దారానికి మన 10 నంబరు సూదులు, అంటే 3.25 ఎంఎం. మన నంబర్లలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నం, ఇక్కడి అమెరికా నంబర్లు దానికి రివర్సు, ఇక్కడి ప్యాటర్న్ చూసి అల్లేటప్పుడు ఎంఎం మాత్రమే నమ్మండి.

దారం విషయానికొస్తే, ఇక్కడ బట్టలన్నీ మిషన్‌లోనే, ఆపైన డ్రయ్యర్‌లో. అసలు ఊలు అందులో పడిందంటే బిగుసుకుపోయి బార్బీ బొమ్మకి కూడా పట్టదు. కాటన్ లేదా మెత్తటి బేబీ యాక్రిలిక్ తీసుకోండి. యాక్రిలిక్ మీద మాత్రం వేడి ఇస్త్రీ పెట్టకండి, సాగిపోయి మళ్లీ వెనక్కి రాదు. కాటన్ అయితే చిన్న ముక్క అల్లి, ఉతికి ఎంత ముడుచుకుందో చూసుకుని మొదలుపెట్టండి.

ఇంకో రెండు ముఖ్యమైనవి. సాక్సుల్లో రంగు డిజైన్లు వేస్తే లోపలి వైపు దారాలు పొడుగ్గా వేలాడకుండా చూడండి, పసిపిల్లల కాలివేళ్లు అందులో ఇరుక్కుంటే రక్తం ఆడదు, పెద్దవాళ్లకి కనపడదు కూడా. గుండీలు, పూసలు వద్దు, ఊడితే నోట్లోకే. ఇక్కడ డాక్టర్లు పడుకోబెట్టేటప్పుడు టోపీ పెట్టొద్దంటారు, కాబట్టి పెట్టలేదని నొచ్చుకోకండి, బయటికి తీసుకెళ్లేటప్పుడు పెడతారు. అన్నట్టు, పార్సిల్ వెళ్లేదాకా బీరువాలో కలరా ఉండలతో కలిపి పెట్టకండి. ఆ నాఫ్తలీన్ కొందరు పసిపిల్లలకి ప్రమాదం, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవాళ్లకైతే రక్తకణాలు చితికిపోతాయి. ఎండబెట్టిన వేపాకు పల్చటి గుడ్డలో మూటకట్టి వేయండి, పంపే ముందు ఒకసారి ఉతికి ఎండలో ఆరేయండి.

వాడతారా లేదా అంటే, రంగు అడిగి అల్లండి. ఇప్పటి పిల్లలు బూడిద రంగు, లేత గోధుమ రంగు అంటున్నారు, మనమేమో చిలకాకుపచ్చ, గులాబీ పంపుతాం. బారసాల అయ్యాకే పంపండి, పుట్టకముందే బిడ్డకి కొత్తవి వద్దని ఇంట్లో పెద్దవాళ్లు అంటే అదో తలనొప్పి.

ఊలుఉండ (హైదరాబాద్):
అందరికీ థాంక్స్. గోదారొడ్డు చెల్లీ, నీ మాట నిజమే కానీ నాకంత ధైర్యం లేదమ్మా, బాబాయ్ గారి దారిలో వెళ్లా. ఆడపడుచుకి ఫోన్ చేసి పసుపు కుంకుమ కవర్ల సంగతి చెప్పా, ముందు కొంచెం గునిసింది, పిల్లకి జుంకాలు చేస్తున్నానంటే మెత్తబడింది. ఆదివారం పిల్లల్ని పంపిస్తానంది, తను వస్తానని మాత్రం అనలేదు!

శాంతపిన్ని గారూ, తోటికోడలి కూతుర్ని రంగు అడిగితే మీరన్నట్టే "ఓట్‌మీల్ కలర్ పిన్నీ" అంది. ఆ రంగు కాటన్ 4 ప్లై హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా? బేగంబజార్‌లో నేను అడిగిన రెండు షాపుల్లో తెలుపూ, పసుపూ తప్ప లేవన్నారు. పాత శుభలేఖలు ఉన్నవాళ్లు కూడా చెప్పండి, వచ్చి తీసుకుంటా.