టవర్ స్పీకర్ల కింద ఐసోలేషన్ ఫీట్ వేస్తే కింది ఫ్లాట్‌కి బేస్ తగ్గుతుందా?

ప్రశ్న:
మాది హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. హాల్లో టవర్ స్పీకర్లున్నాయి, ఒక్కోటి 24 కిలోలు, టైల్స్ మీద స్పైకులతో (మొనదేలిన లోహపు కాళ్లతో) నిలబెట్టాను. వాల్యూమ్ తక్కువే పెట్టినా కింది ఫ్లాట్‌వాళ్లు బేస్ దడదడ వినిపిస్తోందంటున్నారు. పైగా కొన్ని పాటల్లో ఒకే బేస్ నోటు గదంతా గుయ్యిమని మోగుతుంది. షాపులో ఐసోఅకూస్టిక్స్ కంపెనీ గయా ఫీట్, అంటే వణుకు నేలలోకి దిగకుండా ఆపే మెత్తటి కాళ్లు (ఐసోలేషన్ ఫీట్), వేసుకోమన్నారు. ధర చూస్తే గుండె ఆగింది. వేస్తే రెండూ పోతాయా? ఇంట్లో చిన్న పాప ఉంది, స్పీకర్ ఊగుతుందేమోనని అదొక టెన్షన్.

జవాబు 1:
ఆ రెండూ వేరు వేరు సమస్యలండీ. గుయ్యిమనేది గది కొలతల వల్ల వస్తుంది, 12 అడుగుల గోడల మధ్య దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం పేరుకుంటుంది, కాళ్ల కింద ఏం పెట్టినా అది కదలదు. స్పీకర్లని వెనక గోడ నుంచి ముందుకి జరపండి, మీరు కూర్చునే సోఫాని కూడా జరిపి చూడండి, పైసా ఖర్చు లేదు. ఇక కింది ఫ్లాట్ సంగతి: క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) వణుకు కాళ్ల గుండా స్లాబ్‌లోకి దిగడం ఒక దారి, గాల్లోని బేస్ నేరుగా స్లాబ్‌నీ గోడల్నీ కదపడం రెండో దారి. ఫీట్ మూసేది మొదటి దారినే. తక్కువ వాల్యూమ్‌కే వాళ్లకి వినిపిస్తోందంటే రెండోదే ఎక్కువేమో అని నా అనుమానం.

జవాబు 2:
మాది న్యూజెర్సీ బ్రదర్, చెక్క దూలాల మీద ప్లైవుడ్ పరిచిన ఫ్లోర్. ఇక్కడ స్పైకులతో పెడితే ఫ్లోర్ మొత్తం వణికేది, సోఫాలో కూర్చుంటే పాదాలకి తెలిసేది. ఐసోలేషన్ ఫీట్ వేశాక ఆ వణుకు బాగా తగ్గింది, బేస్ కూడా స్పష్టంగా వినిపిస్తోంది. కాంక్రీట్ స్లాబ్ మీద మాత్రం ఇంత తేడా ఆశించొద్దు, అది బరువైనది, చెక్కలా తేలిగ్గా ఊగదు.

జవాబు 3:
కొనేముందు ఒక పరీక్ష చేయండి. కాసేపు స్పైకులు తీసేసి స్పీకర్లని మందపాటి మెత్తటి ఫోమ్ మీద పెట్టి, ఎవరైనా పట్టుకుని ఉండగా అదే పాట అదే వాల్యూమ్‌లో వేసి కింద విని రమ్మనండి. తేడా లేదంటే ఫీట్ దండగ, రాత్రిళ్లు ఈక్వలైజర్‌లో 80 హెర్ట్జ్ కింద తగ్గించుకోవడమే మార్గం.

తేడా ఉంటే అప్పుడు బరువు చూసి కొనండి. గయా 3 ఒక్కో స్పీకర్‌కి 32 కిలోల వరకు మోస్తుంది, మీకు సరిపోతుంది, లోగో మాత్రం ముందుకో వెనక్కో ఉండేలా బిగించాలి. వాషింగ్ మెషీన్ కింద పెట్టే గట్టి రబ్బర్ ప్యాడ్లు చవకే కానీ ఈ బరువుకి అవి నొక్కుకోవు, నొక్కుకోకపోతే ఆపేదేమీ ఉండదు. లెక్క ఏంటంటే, స్ప్రింగ్‌లాంటిది బరువుకి 1 మిల్లీమీటర్ దిగితే దాని సహజ కంపనం సుమారు 16 హెర్ట్జ్, వణుకు తగ్గడం దానికి 1.4 రెట్ల పైన, అంటే 22 దాటాకే మొదలవుతుంది. 0.1 మిల్లీమీటరే దిగితే ఆ కంపనం 50 హెర్ట్జ్‌కి చేరుతుంది, సరిగ్గా బేస్ మధ్యలో, అక్కడ వణుకు తగ్గకపోగా పెరుగుతుంది.

పాప ఉంది కాబట్టి మెత్తటి కాళ్లు వేసినా వేయకపోయినా, క్యాబినెట్ వెనక పైభాగాన్ని పట్టీతో గోడకి కట్టేయండి, కాస్త వదులుగా.