కలంకారీ బొమ్మలా మనిషి ఫొటో: వెలుతురు ఎలా కుదర్చాలి?

తిరుపతిలో ఉంటాను. పూలు కట్టేవారు, ఇస్త్రీ చేసేవారు, మా అమ్మ, ఇలా పన్నెండు మందిని శ్రీకాళహస్తి కలంకారీలోని దేవతా మూర్తుల తీరులో ఫొటోలు తీస్తున్నాను. కిరీటాలు, శంఖచక్రాలు పెట్టను. దేవుడి వేషం వేయించడం నా ఉద్దేశం కాదు. పూలమ్మే ఆవిడ చేతిలోని మూర దండే ఆమెకు ఆయుధంలా కనిపించాలి.

చిక్కంతా వెలుతురుతోనే. కలంకారీ ముఖాల్లో నీడలుండవు. ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టి తీసిన నల్లరంగు గీతే రూపాన్ని నిలబెడుతుంది. నేను నీడలు తీసేస్తే ముఖం చప్పబడి పాస్‌పోర్టు ఫొటోలా వస్తోంది. వెనుక కట్టిన గుడ్డను కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టాను. ఆ లేత పసుపు ఎల్ఈడీ దీపాల కింద ఆకుపచ్చగా మారుతోంది.

నా దగ్గర 50 ఎంఎం లెన్సు, రెండు ఎల్ఈడీ దీపాలు ఉన్నాయి. ముఖానికి రెండు పక్కలా నల్ల గుడ్డ నిలబెడితే అంచులు గీతలా ముదురుతాయట. ఎంత దూరంలో పెట్టాలి? దీపాలు మార్చాలా, కిటికీ వెలుతురే మేలా?

ఇంకొకటి. గంగమ్మ జాతరలో మాతంగి, బైరాగి వేషాలు వేసేవారినీ చేర్చాలని ఉంది. వారికది మొక్కు, కాబట్టి నొప్పించకూడదు. జాతర ముగిశాక ఇంటికి వెళ్లి అడిగితే సబబేనా?