లేఆఫ్ అయినవాళ్ల అన్‌ఎంప్లాయ్‌మెంట్ క్లెయిమ్‌కి కంపెనీలు ఎందుకు అడ్డు పడతాయి?

చౌరస్తా (ప్రశ్న)

అమెరికాలో ఉద్యోగం పోతే వారం వారం డబ్బు వస్తుందంటారు. తీరా చూస్తే కాలిఫోర్నియాలో ఎంత జీతగాడికైనా వారానికి 450 డాలర్లు మించదు. అద్దెకే చాలదు. ఆ కాస్త డబ్బుకి కూడా పెద్దపెద్ద కంపెనీలు "మేం తీసెయ్యలేదు, తనే మానేశాడు" అని రాసి పంపుతాయట. ఇచ్చేది ప్రభుత్వమైతే మధ్యలో వాళ్లకేం నొప్పి? నిరుద్యోగ శాతం తక్కువ చేసి చూపడానికే క్లెయిమ్‌లు కొట్టేస్తారని కూడా కొందరంటున్నారు. నిజమేనా? గ్రీన్‌కార్డు వాళ్లకీ హెచ్-1బి వాళ్లకీ రూల్ ఒకటేనా?

పద్దుపుస్తకం

ముందు ఆ శాతం సంగతి తేల్చేద్దాం. దానికీ క్లెయిమ్‌లకీ సంబంధం లేదు. నెలనెలా సుమారు 60 వేల ఇళ్లని అడిగి కట్టే లెక్క అది. గత 4 వారాల్లో పని కోసం వెతికారా అని అడుగుతారు, బెనిఫిట్ వస్తోందా అని కాదు. గురువారం గురువారం వచ్చే క్లెయిమ్‌ల అంకె వేరు.

ఇక డబ్బు. పంచేది రాష్ట్రం, పోసేది కంపెనీ. అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా తప్ప ఎక్కడా ఉద్యోగి జీతంలోంచి దీనికి కోత ఉండదు. కంపెనీ దీనికి కట్టే ఫెడరల్ పన్ను ఒక్కో ఉద్యోగి మొదటి 7,000 డాలర్ల జీతం మీదే. 1983 నుంచి ఆ హద్దు కదల్లేదు. 6 శాతంలో 5.4 మినహాయింపు పోగా మనిషికి ఏడాదికి 42 డాలర్లు, అంతే.

అసలు కిటుకు రాష్ట్ర పన్నులో ఉంది. కారు ఇన్సూరెన్స్ లాగే, యాక్సిడెంట్లు ఎక్కువైతే ప్రీమియం పెరుగుతుంది. కాలిఫోర్నియాలో ప్రతి కంపెనీ పేరునా ఒక రిజర్వు ఖాతా ఉంటుంది. కట్టిన పన్ను అందులో జమ, పాత ఉద్యోగులకి ఇచ్చిన బెనిఫిట్ ఖర్చు. నిల్వ పడిపోతే రేటు పెరుగుతుంది. కొత్త కంపెనీకి 3.4 శాతం, పైహద్దు 6.2. అక్కడా 7,000 మీదే లెక్క కాబట్టి తలకి 238 డాలర్లు పెరిగి పెరిగి 434 దాకా వెళ్లొచ్చు. 200 మంది ఉన్న కంపెనీకి ఏడాదికి 47,600 కాస్తా 86,800 అవుతుంది. ఒక్క మనిషి 450 చొప్పున 26 వారాలు తీసుకుంటే 11,700. నొప్పి అక్కడ.

తమాషా ఏమిటంటే, అప్పటికే 6.2లో ఉన్న కంపెనీ ఇంకో వంద మందిని పంపేసినా రేటు పెరగదు. ఆ బరువు అందరి మీదా పడుతుంది. కోవిడ్‌లో ఫెడరల్ ప్రభుత్వం దగ్గర చేసిన అప్పు కాలిఫోర్నియా తీర్చలేదు. అందుకని పైన చెప్పిన మినహాయింపులో ఏటా 0.3 శాతం కోస్తున్నారు. 2024కి ఆ కోత పెరిగి 0.9 అయింది, అంటే తలకి అదనంగా 63 డాలర్లు. లేఆఫ్ చేసినవాడికీ చెయ్యనివాడికీ ఒకటే వాత. వాషింగ్టన్ రాష్ట్రంలో ఈ జీతం హద్దు 2025లో 72,800. అక్కడ వారం బెనిఫిట్ వెయ్యి దాటడానికి ఇదో కారణం. ఫ్లోరిడా ఇంకో కొస. యజమానుల పన్ను తగ్గించే చట్టం 2011లో తెచ్చి, బెనిఫిట్ వారాలు 12కి దిగేలా చేశారు. వారానికి 275 మించదు. మొత్తం కలిపి 3,300. కార్పొరేట్ పలుకుబడి అంటే నా దృష్టిలో ఎన్నికల విరాళాలకన్నా ముందు ఈ అంకెలే.

తూనికరాయి

పద్దుపుస్తకం గారి లెక్క సరే. క్లెయిమ్ వేసేవాళ్లు ఎక్కడ దెబ్బ తింటారో చెప్తాను.

పని చేసిన రాష్ట్రంలో వెయ్యాలి, ఉంటున్న రాష్ట్రంలో కాదు. ఉద్యోగం పోయిన వారంలోనే వెయ్యండి, వెనకటి తేదీ అడిగితే ఒప్పుకోవడం అరుదు. లెక్కలోకొచ్చేది పూర్తయిన చివరి ఐదు క్వార్టర్లలో (మూడేసి నెలల లెక్క) మొదటి నాలుగు. 2026 ఫిబ్రవరిలో వేస్తే 2024 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు దాకా చూస్తారు.

సెవరెన్స్ (తీసేసేటప్పుడు కంపెనీ చేతిలో పెట్టే డబ్బు) రూలు రాష్ట్రానికోలా ఉంటుంది. టెక్సాస్‌లో సెవరెన్స్ వర్తించే వారాలకి బెనిఫిట్ ఆపుతారు. దావా వెయ్యనని సంతకం పెట్టినందుకు ఇచ్చిన డబ్బైతే ఆపరు. ఆ కాగితంలో ఏం రాసి ఉందో చదివి మరీ దాచుకోండి.

కారణం దగ్గరే గొడవంతా. "గౌరవంగా ఉంటుంది, రిజైన్ చెయ్యండి" అని హెచ్‌ఆర్ అంటే సంతకం పెట్టకండి. మానేసినవాళ్లు సరైన కారణం తామే నిరూపించుకోవాలి. తీసేస్తే తప్పు జరిగిందని నిరూపించాల్సింది కంపెనీ. పని సరిగ్గా రాకపోవడం వేరు, కావాలని చేసిన తప్పు వేరు. మొదటిదానికి మామూలుగా బెనిఫిట్ ఆగదు.

తిరస్కరిస్తే టెక్సాస్‌లో 14 రోజులు, ఫ్లోరిడాలో 20, కాలిఫోర్నియాలో 30 రోజుల్లో అప్పీలు. విచారణ దాకా రాకముందే కొందరు నష్టపోతారు. అప్పీలు నడుస్తున్నప్పుడు వారం వారం సర్టిఫై చెయ్యడం (ఇంకా పని లేదు, వెతుకుతున్నాం అని రాష్ట్రానికి చెప్పడం) మానేస్తారు. తర్వాత గెలిచినా ఆ వారాల డబ్బు చేజారుతుంది. విచారణ చాలావరకు ఫోన్‌లోనే. కంపెనీ తరఫున, ఇలాంటి క్లెయిమ్‌లు చూసే బయటి ఏజెన్సీ మనిషి మాట్లాడితే "ఇది మీరు స్వయంగా చూశారా?" అని అడగండి. చూడనివాళ్ల మాటకి బరువు తక్కువ.

రాష్ట్రం అర్హులని తేల్చాక, కంపెనీ అప్పీలు చేసిందని చెల్లింపు ఆపకూడదు. జావా అనే క్లెయిమ్‌దారు కేసులో 1971లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కానీ కంపెనీ గెలిస్తే తీసుకున్నది తిరిగి కట్టమంటారు.

చిన్నాచితకా పని దొరికితే పని చేసిన వారంలోనే చూపించండి, చెక్కు వచ్చిన వారంలో కాదు. దాచారని తేలితే వెనక్కి కట్టేదాని మీద కనీసం 15 శాతం జరిమానా.

ఎర్రబస్సు

హెచ్-1బి గురించి. గ్రీన్‌కార్డు, హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వాళ్ల భార్య లేదా భర్తకిచ్చే పని అనుమతి) ఉన్నవాళ్లకి చిక్కు లేదు. హెచ్-1బిలో పని అనుమతి ఒక కంపెనీకే ముడిపడి ఉంటుంది కాబట్టి "పనికి సిద్ధంగా ఉన్నారా" అన్న ప్రశ్న దగ్గరే చాలా రాష్ట్రాలు ఆపేస్తాయి. ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే 60 రోజుల గడువు మామూలుగా జీతం లెక్కకొచ్చిన చివరి రోజు దాటగానే మొదలు. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ముందే ముగిస్తే అంతవరకే. సెవరెన్స్ ఇచ్చారని గడువు పెరగదు. హెచ్-1బి గడువు తీరకముందే తీసేస్తే తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీ ఇవ్వాలి, అడగండి.

ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఇవ్వకపోతే మాత్రం అది నిరుద్యోగం కాదు, జీతం ఎగ్గొట్టడం. ఫారం డబ్ల్యూహెచ్-4 మీద లేబర్ డిపార్ట్‌మెంట్‌కి 12 నెలల్లోపు ఫిర్యాదు చెయ్యాలి.

చౌరస్తా

చాలా థాంక్సండీ. ఊబర్ నడిపేవాళ్లు, సొంత ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టుకుని కార్ప్-టు-కార్ప్ (కంపెనీ నుంచి కంపెనీకి బిల్లు వేసి) పని చేసేవాళ్ల సంగతి?

పద్దుపుస్తకం

కంపెనీ రాష్ట్ర పన్ను కట్టిన డబ్ల్యూ-2 జీతం (ఉద్యోగిగా తీసుకున్నది) ఉంటేనే పద్దులో అంకె కనిపిస్తుంది. ఎల్‌ఎల్‌సీలోంచి యజమానిగా తీసుకున్న డబ్బు లెక్కలోకి రాదు. ఊబర్, లిఫ్ట్ లాంటి యాప్ కంపెనీలు 2020లో కాలిఫోర్నియాలో ప్రాపొజిషన్ 22 కోసం 20 కోట్ల డాలర్లకి పైగా కుమ్మరించి, డ్రైవర్లు ఉద్యోగులు కారని ఓటు వేయించుకున్నాయి. రాష్ట్ర సుప్రీంకోర్టు 2024లో దాన్ని నిలబెట్టింది. మిగతా రంగాల్లో చేతికి 1099 (ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు అని చూపే పన్ను కాగితం) ఇచ్చినా, కంపెనీ చెప్పిన వేళకి చెప్పినట్టు పని చేసి ఉంటే క్లెయిమ్ వేసి చూడండి. జీతం కనిపించకపోతే రాష్ట్రం విచారణకి పంపుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు, పని పురమాయించిన ఈమెయిళ్లు ముందే తీసిపెట్టుకోండి, కంపెనీ లాగిన్ పోయాక దొరకవు.