పోరుమామిళ్ల చెరువు కట్ట ఉత్త మట్టిదే కదా, ఇన్నేళ్లు ఎట్లా నిలబడింది?

మెట్టపొలం: మొన్న కడప జిల్లా పోరుమామిళ్ల పోయినప్పుడు చెరువు కట్ట మీద చానాసేపు నిలబడి చూసినా. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించినాడంట, కొండల మధ్య మట్టి పోసి నీళ్ల వైపు రాళ్లు పేర్చినారు, సిమెంటు లేదు రోలర్ లేదు. మన కళ్ల ముందు 2021 నవంబర్‌లో చెయ్యేటి మీద అన్నమయ్య డ్యామ్ మట్టికట్ట కొట్టుకపాయె. తేడా ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి

తూము_గొలుసు: రెండూ ఒకటి కాదు బ్రో, అది నది మీద డ్యామ్, పైనున్న పింఛా ప్రాజెక్టు కట్ట కూడా తెగి ఆ వరదంతా దాని మీద పడింది. కానీ మట్టికట్టకు రూలు ఒకటే, ఎంత నిండినా ఓర్చుకుంటుంది గానీ పైనుంచి నీళ్లు పొర్లితే ఆగదు, వెనకవైపు మట్టి కోసుకుపోయి గంటల్లో గండి పడుతుంది. అందుకే కట్ట కన్నా మరవ ముఖ్యం, కొన్నిచోట్ల అలుగు అంటారు, నీళ్లు కట్ట అంచుకు రాకముందే అక్కడినుంచి పోవాల. ఇంకోటి ఊట. కట్ట కింద తేటనీళ్లు కొంచెం కారితే మామూలే, బురదనీళ్లు వస్తే మాత్రం లోపల మట్టి పోతున్నట్టు, వెంటనే చూడాల

శాసనాల_పిచ్చి: ఆ చెరువు శాసనం సంస్కృతంలో ఉంటుంది, చదవాల్సిందే. రోజుకి 1000 మంది కూలీలు, 100 బండ్లు, 2 ఏళ్లు పట్టిందని రాసుకున్నారు. మంచి చెరువుకి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా చెప్తారు. అంగాల్లో నీటి శాస్త్రం తెలిసినవాడు ఒకటి. దోషాల్లో కట్ట నుంచి నీళ్లు కారడం, చౌడునేల, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం 😀 ఆఖరిది ఇప్పటి వాళ్లకి చెప్పక్కర్లేదు

నీరుగంటి_మనవడు: 650 ఏళ్లు దానంతటదే నిలబడిందనుకుంటే పొరపాటు. ఏ చెరువుకైనా ఎవరో ఒకరు మట్టి వేస్తానే ఉండాల, జారిన రాళ్లు మళ్లీ పేర్చాల. పాతకాలంలో చెరువులు బాగుచేసేవాళ్లకి దశబంధం అని ఇనాం భూములిచ్చేది అందుకే కదా. మా తాత తూము ఎత్తేది దించేది, ఎవరి మడికి ఎన్ని నీళ్లో ఆయన చెప్పిందే మాట. ఇప్పుడు చానా చెరువుల కట్టల మీద కంపచెట్లే, వేర్లు కుళ్లితే ఆ బొక్కల్లోనే నీళ్లు దారి చేసుకుంటాయి. చెరువు ఎండితే కింద బావులు కూడా ఎండుతాయని అప్పుడు గానీ గుర్తురాదు జనాలకి

మెట్టపొలం: థాంక్స్ అందరికీ. మా ఊరి చెరువులో ఇంకో రెండడుగులు నీళ్లు ఆపుదామని మరవ మీద ఇసుక మూటలు పెడతా ఉంటారు, అది తప్పేనా?

తూము_గొలుసు: తప్పే. వాన రాత్రిపూట పడితే ఆ మూటలు తీసేది ఎవరు? నీళ్లు ఎక్కువ కావాలంటే పూడిక తీయండి, ఆ మట్టి పొలాలకి కూడా పనికొస్తుంది. కట్ట పాదం దగ్గర మాత్రం తవ్వొద్దు